బండి అసలు ధర షోరూమ్‌లో తేలదు!

షోరూమ్‌లో బండి ధర ఒక్కసారే చెబుతారు. బంకులో మాత్రం రోజూ చెబుతూనే ఉంటారు. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే, కిరాయికి తిప్పుకునే బండి మనల్నే తిప్పడం మొదలుపెడుతుంది.

మన గోదావరి జిల్లాల్లో చిన్న లోడు బండి లేకపోతే రోజు గడవదు. కడియం, కడియపులంక, వేమగిరి నర్సరీల మొక్కలు, రావులపాలెం అరటి గెలలు, కోనసీమ కొబ్బరికాయలు, భీమవరం వైపు రొయ్యలు, వాటి మీదకి ఐసు... ఇవన్నీ పెద్ద లారీ ఎక్కేలోపు ఏదో ఒక చిన్న బండి ఎక్కాల్సిందే. అందుకే చదువు అయిపోయి, ఉద్యోగం దొరక్క, "సొంతంగా బండి తిప్పుకుందాం" అనుకునే కుర్రాళ్ళు ఊరూరా ఉన్నారు. వాళ్ళందరి ముందూ ఉన్న ప్రశ్న ఒకటే. పెట్రోలా, సీఎన్‌జీయా, కరెంటుదా?

మా పిన్ని కొడుకు కూడా వాళ్ళలో ఒకడు. కడియపులంకలో వేరేవాళ్ళ బండి నడుపుతున్నాడు. సొంత బండి తీసుకోవాలంటే డౌన్ పేమెంటుకి పిన్ని గొలుసు, గాజులు బ్యాంకులో పెట్టాలి. "అన్నయ్యా, కరెంటు బండికి కిలోమీటరుకి రూపాయో రూపాయిన్నరో అవుద్దంట. ఇంక ఆలోచించేదేముంది?" అన్నాడు వాడు. పిన్ని మాత్రం, "ఏ బండైనా కొనుక్కోండి బాబూ, నా గాజులు మాత్రం వెనక్కి రావాలి" అంది. నాకు ఆవిడ అడిగిందే అసలు లెక్క అనిపించింది. కాగితం, పెన్ను తీసుకున్నాను.

హైబ్రిడ్ లేదా మనకి?

యూట్యూబ్‌లో అమెరికా పికప్ ట్రక్కుల వీడియోలు చూసేవాళ్ళు ముందు అడిగేది ఇదే. హైబ్రిడ్ అంటే ఒకే బండిలో పెట్రోలు ఇంజనూ, బ్యాటరీతో తిరిగే మోటారూ రెండూ ఉండటం. మన దగ్గర ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా లాంటి కార్లలో ఉంది. కిరాయికి తిప్పే చిన్న లోడు బండిలో మాత్రం రాలేదు.

అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 2021లో మావెరిక్ అనే చిన్న పికప్‌ని హైబ్రిడ్‌లో తెచ్చింది. అక్కడి ప్రభుత్వ పరీక్షల లెక్కని మన లెక్కలోకి మార్చితే, లీటరుకి సుమారు 15.7 కిలోమీటర్లు. అదే బండి మామూలు పెట్రోలు ఇంజనుతో సుమారు 11. మొదట్లో హైబ్రిడ్డే చవక మోడల్. తర్వాత దానికి అదనంగా డబ్బు అడగడం మొదలైంది. దాంతో అక్కడ ఉన్న మనవాళ్ళకీ ఇదే ప్రశ్న వచ్చింది. ముందు ఎక్కువ కట్టి రోజూ మిగుల్చుకోవాలా, ముందు మిగుల్చుకుని రోజూ కట్టాలా? మనకి ఆ స్థానంలో ఉన్నవి రెండు: సీఎన్‌జీతోనూ పెట్రోలుతోనూ నడిచే బై-ఫ్యూయల్ బండి, ఇంకోటి పూర్తి కరెంటు బండి.

ఒకే బండి, మూడు ధరలు

పోల్చడానికి ఒకే బండి మూడు రకాల్లో దొరికితే బాగుంటుంది. అలాంటిది ఉంది. 2005లో వచ్చి, చోటా హాతీగా పేరు తెచ్చుకున్న టాటా ఏస్‌కి తమ్ముడు, ఏస్ ప్రో. 2025 జూన్‌లో వచ్చినప్పుడు ఎక్స్ షోరూమ్ ధరలు ఇలా మొదలయ్యాయి: పెట్రోలు 3.99 లక్షలు, బై-ఫ్యూయల్ 4.99 లక్షలు, కరెంటుది 6.50 లక్షలు. మూడూ 750 కిలోల లోడు బళ్ళే.

2025 సెప్టెంబరు 22 నుంచి పెట్రోలు, సీఎన్‌జీ లోడు బళ్ళ మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. కరెంటు బళ్ళకి ముందునుంచీ 5 శాతమే. కాబట్టి ఇప్పటి ధరలు వేరుగా ఉంటాయి. నేను మాత్రం పద్ధతి అర్థమవడానికి మొదటి ధరలే వేశాను. మీరు మీ కొటేషన్‌లో ఉన్న అంకె పెట్టుకోండి.

ఇక రోజువారీ ఖర్చు. లోడుతో తిరిగే బండికి పెట్రోలు లీటరుకి 15 కిలోమీటర్లు, లీటరు 110 రూపాయలు అనుకుందాం. కిలోమీటరుకి 7.33 రూపాయలు. సీఎన్‌జీ కిలోకి 18 కిలోమీటర్లు, కిలో 90 రూపాయలు అనుకుంటే కిలోమీటరుకి 5. కరెంటు బండి కిలోమీటరుకి ఆరో వంతు యూనిట్ తాగుతుంది, యూనిట్ 9 రూపాయలు అనుకుంటే, రూపాయిన్నర. ఇవి నేను వేసుకున్న అంకెలు. మీ బంకు రేటు, మీ బండి మైలేజీ తెలిస్తే అవే వేయండి.

ఇప్పుడు అదనంగా కట్టిన డబ్బుని, కిలోమీటరుకి మిగిలిన డబ్బుతో భాగించాలి. పెట్రోలు బండి కంటే బై-ఫ్యూయల్‌కి లక్ష ఎక్కువ, కిలోమీటరుకి మిగిలేది 2.33 రూపాయలు. ఆ లక్ష వెనక్కి రావాలంటే సుమారు 43 వేల కిలోమీటర్లు తిరగాలి. కరెంటు బండికి 2.51 లక్షలు ఎక్కువ, మిగిలేది 5.83 రూపాయలు. ఇదీ సుమారు 43 వేలే! రెండు లెక్కలూ ఒకే చోట ఆగేసరికి నాకే ఆశ్చర్యం వేసింది.

అయితే ఇది చేతిలో డబ్బు పెట్టి కొంటే. మనం కొనేది ఫైనాన్స్‌లో కదా. 11 శాతం వడ్డీకి, నాలుగేళ్ళకి తీసుకుంటే లక్షకి నెలకి సుమారు 2,584 రూపాయల ఈఎంఐ పడుతుంది. మొత్తం కట్టేది 1.24 లక్షలు. అప్పుడు 43 వేలు కాస్తా 53 వేల కిలోమీటర్లు అవుతుంది.

రోజుకి 45 కిలోమీటర్ల గీత

53 వేలు అంటే బుర్రకి ఎక్కదు. నెల లెక్కలోకి తెద్దాం. అదనపు ఈఎంఐని ఆయిల్ ఖర్చులో మిగిలిన డబ్బే కట్టేయాలంటే, నెలకి సుమారు 1,100 కిలోమీటర్లు తిరగాలి. నెలకి 25 రోజుల పని అనుకుంటే రోజుకి 45 కిలోమీటర్లు. అంతకంటే ఎక్కువ తిరిగేవాడికి ఖరీదైన బండి చవక. తక్కువ తిరిగేవాడికి చవక బండే చవక.

మా తమ్ముడితో ఒక నెల పాటు రోజూ మీటరు రీడింగు రాయించాను. వాడి పని నర్సరీ నుంచి హైవే మీద లారీ దాకా, రాజమండ్రిలో ఇళ్ళకి కుండీలు దింపడం. ట్రిప్పులు చాలా ఉంటాయి గానీ దూరం తక్కువ. ఎక్కువసేపు లోడింగు దగ్గరే గడిచిపోతుంది. సగటున రోజుకి 30 కిలోమీటర్లు తేలింది. అంటే నెలకి 750.

ఆ లెక్కన బై-ఫ్యూయల్ అయితే గ్యాసులో నెలకి 1,748 మిగులుతుంది, అదనపు ఈఎంఐ 2,584. నెలకి 836 చేతినుంచి పడుతుంది. కరెంటు బండి అయితే 4,373 మిగులుతుంది, అదనపు ఈఎంఐ 6,486. నెలకి రెండు వేల పైచిలుకు లోటు. నిజమే, నాలుగేళ్ళ తర్వాత ఈఎంఐ ఉండదు, అప్పట్నించి మిగిలేదంతా లాభమే. కానీ పెట్టింది పూర్తిగా తిరిగి రావడానికి దాదాపు ఆరేళ్ళు పడుతుంది. పిన్ని గాజులు ఆరేళ్ళు బ్యాంకులో ఉండాలా?

వాడు పెట్రోలు బండి తీసుకున్నాడు. గొలుసు ఒక్కటే బ్యాంకుకి వెళ్ళింది.

ఇదే లెక్క భీమవరం దగ్గర ఐసు, రొయ్యలు తోలే మా బాబాయికి వేస్తే కథ తిరగబడింది. ఆయన రోజుకి 90 కిలోమీటర్లు తిరుగుతాడు. నెలకి 2,250. బై-ఫ్యూయల్‌తో అదనపు ఈఎంఐ పోను నెలకి 2,659 మిగులుతుంది. కరెంటు బండితో 6,632. "నాలుగేళ్ళు ఆగక్కర్లేదన్నమాట, మొదటి నెల నుంచే మిగులు" అన్నాడాయన.

కాగితం మీద కనిపించని ఖర్చులు

అలాగని బాబాయి వెంటనే కరెంటు బండి బుక్ చేయలేదు. చేయకపోవడానికి కారణాలున్నాయి.

ఒకటి, దూరం. ఏస్ ప్రో కరెంటు బండికి 14.4 యూనిట్ల బ్యాటరీ, ఒక చార్జికి 155 కిలోమీటర్లని కంపెనీ చెబుతోంది. నిండా లోడుతో, గుంతల రోడ్డు మీద అంత రాదు. నేను 100 లోపే వేసుకున్నాను. 90 తిరిగేవాడికి అది అంచు మీద నడక. రొయ్యల బండి మధ్యలో ఆగితే పోయేది కిరాయి ఒక్కటే కాదు, సరుకు కూడా. మన డెల్టా చదునుగా ఉండటం మాత్రం కరెంటు బండికి కలిసొచ్చే విషయం. ఘాట్ రోడ్లు లేవు, ఎక్కుళ్ళు లేవు.

రెండు, చార్జింగు. రూపాయిన్నర లెక్క ఇంట్లో రాత్రిపూట చార్జింగు పెట్టుకుంటేనే. బయట యూనిట్ 20 రూపాయలు పడితే కిలోమీటరుకి 3.33 అవుతుంది, మిగులు బాగా తగ్గిపోతుంది. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు ముందు ఓనరు గారిని అడగాలి. ఇంటి మీటరు మీద నెలకి రెండు, మూడు వందల యూనిట్లు అదనంగా కాలితే స్లాబు మారి యూనిట్ ధర పెరుగుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

మూడు, సీఎన్‌జీ క్యూ. తాటిపాక దగ్గర ఓఎన్‌జీసీ, మన కాళ్ళ కిందే కేజీ బేసిన్ గ్యాసు. అయినా బంకు మీ రూట్లో లేకపోతే లాభం లేదు. గ్యాసు కోసం రోజూ అరగంట నిలబడితే నెలకి పన్నెండున్నర గంటలు. ఆ టైములో ఎన్ని ట్రిప్పులు పడేవో మీకే తెలుసు. గ్యాసు సిలిండరుకి మూడేళ్ళకోసారి టెస్టు కూడా తప్పనిసరి.

నాలుగు, ఇన్సూరెన్స్. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం చిన్న లోడు బండికి ఏడాదికి థర్డ్ పార్టీ ప్రీమియం 16,049 రూపాయలు. కరెంటు బండికి అందులో 15 శాతం తగ్గింపు, అంటే సుమారు 2,400. చిన్నదే గానీ ఏటా వచ్చేది.

అయిదు, తుప్పు. చేపలు, రొయ్యలు తోలే బళ్ళకి ఐసు కరిగిన ఉప్పునీరు తొట్టి సందుల్లోంచి ఛాసిస్ మీదకి కారుతూనే ఉంటుంది. ఇంజను ఏదైనా ఇనుము ఇనుమే. రోజూ మంచినీళ్ళతో కడగనివాడికి అమ్మేటప్పుడు ధర పడిపోతుంది. ఎక్కువేళ్ళు ఉంచితేనే గిట్టుబాటయ్యే బండికి ఇది మరీ ముఖ్యం.

ఇక యానాం సంగతి. పుదుచ్చేరి పన్నుల వల్ల అక్కడ పెట్రోలు చవక. అటు కిరాయి పడినప్పుడు కొట్టించుకోవడం తెలివే. 30 కిలోమీటర్ల నుంచి పని గట్టుకుని వెళ్తే మాత్రం, లీటరుకి పది రూపాయలు తక్కువ అనుకున్నా 20 లీటర్లకి మిగిలేది 200, రానుపోను ఖర్చు 440!

కొనే ముందు ఒక్క నెల

బండి కొందామనుకునే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నేను చెప్పేది ఇదే. ముందు ఒక నెల, వేరేవాళ్ళ బండి మీదైనా సరే, ఫోన్‌లో రోజుకి మూడు అంకెలు రాయండి. ఎన్ని కిలోమీటర్లు తిరిగారు, అందులో ఖాళీగా వెనక్కి వచ్చింది ఎంత, ఆయిల్‌కి ఎంత అయింది. ఖాళీ తిరుగుడు కిలోమీటర్లని చూసి మురిసిపోకండి. అవి మీటరులో ఉంటాయి, జేబులో ఉండవు.

సీజన్‌లో ఒక్క నెల చూసి కూడా మోసపోవద్దు. వానలు పడగానే మొక్కల బళ్ళకి ఊపిరాడదు. వేసవిలో అవే బళ్ళు చెట్టు కింద ఉంటాయి. ఈఎంఐకి మాత్రం సీజన్ లేదు. అందుకే మంచి నెలనీ, నీరసం నెలనీ కలిపి సగం చేసి చూడండి. ఆ సగటు 45 దాటితే సీఎన్‌జీ గురించి, ఇంట్లో చార్జింగు ఉంటే కరెంటు గురించి ధైర్యంగా ఆలోచించండి. దాటకపోతే చవక బండి తీసుకుని, ముందు కిరాయిలు పెంచుకోండి. కిరాయిలు పెరిగాక పెద్ద లెక్క వేసుకోవచ్చు, షోరూములు ఎక్కడికీ పోవు.