అభివృద్ధి రుసుములు – ప్రజాభిప్రాయం

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• పన్నుకూ రుసుముకూ గల భేదాన్ని వివరించగలుగుతారు.
• అభివృద్ధి రుసుము భారం ఎవరిపై పడుతుందో గుర్తించగలుగుతారు.
• ముసాయిదా ప్రకటనపై అభ్యంతరాన్ని ఎలా రాయాలో తెలుసుకుంటారు.

పరిచయం

రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం వంటి పట్టణాల శివార్లలో వరి పొలాలు ఇళ్ల స్థలాలుగా మారడం మీరు చూస్తూనే ఉంటారు. లేఅవుట్ లోపలి రోడ్లు, కాలువలు వేసే బాధ్యత దాని యజమానిదే. కాని ఆ లేఅవుట్‌ను ఊరితో కలిపే రోడ్డుకు, అక్కడి నీటిని మోసుకుపోయే పెద్ద మురుగు కాలువకు అయ్యే ఖర్చు ఎవరిది? పాత పట్టణవాసులు భరించాలా, కొత్తగా వచ్చేవారు భరించాలా? అభివృద్ధి రుసుము ఈ ప్రశ్నలోనుండే పుట్టింది.

1. పన్ను, రుసుము

పన్ను చెల్లించినవారు దానికి బదులుగా ఫలానా సేవ కావాలని అడగలేరు. రుసుము అలా కాదు. అది సేవకు ప్రతిఫలం. శిరూరు మఠం కేసులో (1954) సుప్రీంకోర్టు ఈ భేదాన్ని స్పష్టం చేసింది. పైసాకు పైసా లెక్క కుదరనక్కరలేదని, స్థూలమైన సంబంధం ఉంటే చాలునని తరువాతి తీర్పులు చెప్పాయి. అహ్మదాబాదు పట్టణాభివృద్ధి సంస్థ కేసులో (1992) మరో సూత్రం స్థిరపడింది: చట్టంలో స్పష్టమైన అధికారం లేకుండా అభివృద్ధి రుసుము వసూలు చేయరాదు.

మన రాష్ట్రంలో 2012 నాటి భవన నిర్మాణ నియమాలు నగరస్థాయి మౌలిక వసతుల ప్రభావ రుసుమును ప్రత్యేక ఖాతాలో జమ చేయాలన్నాయి. వసూలుకూ వ్యయానికీ గల సంబంధాన్ని నిలబెట్టేది ఈ ప్రత్యేక ఖాతాయే. వ్యవసాయ భూమి మార్పిడికి సంబంధించిన 2006 నాటి చట్టాన్ని రద్దుచేసి, బాహ్య అభివృద్ధి రుసుము విధానానికి మారాలని ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. అందువల్ల ఈ చర్చకు ఇప్పుడు ప్రాధాన్యం పెరిగింది.

2. భారం ఎవరిపై?

గజానికి 100 రూపాయల రుసుము విధించారనుకుందాం. 200 గజాల స్థలానికి 20,000 రూపాయలు అవుతుంది. కార్యాలయంలో కట్టేది లేఅవుట్ యజమాని. కాని గిరాకీ ఉన్నచోట అతడు దానిని ధరలో కలుపుతాడు. చివరకు మోసేది స్థలం కొనే చిరుద్యోగి. రేటు నిర్ణయించేనాటికి ఆ కొనుగోలుదారు ఎవరో కూడా తెలియదు.

డెల్టాలో మరొక పక్షం ఉంది. ఇక్కడి పొలాలు పల్లపువి. లేఅవుట్‌ను మట్టితో మెరక చేసినప్పుడు పంట బోదె పూడిపోతే, పక్క పొలంలో నీరు నిలుస్తుంది. ఆ చేను చేసే కౌలుదారు రుసుము కట్టడు, స్థలం కొనడు; నష్టం మాత్రం అతడిదే. వసూలైన సొమ్ము మురుగు కాలువకు చేరుతుందా లేదా అన్నది అతని పంటకు సంబంధించిన ప్రశ్న. కాబట్టి ప్రజాభిప్రాయమంటే దరఖాస్తుదారుల అభిప్రాయం ఒక్కటే కాదు.

3. అభిప్రాయం చెప్పే మార్గాలు

బృహత్ ప్రణాళిక ముసాయిదాను ప్రకటించి అభ్యంతరాలు స్వీకరించడం చట్టం విధించిన బాధ్యత. 2021లో మూలధన విలువ ఆధారంగా ఆస్తి పన్ను విధించే ముందు కూడా రాష్ట్రంలోని పట్టణ సంస్థలు అభ్యంతరాలను ఆహ్వానించాయి. అదే సంవత్సరం అనేక నగరాలలో ఎన్నికలు జరిగినా రాజమహేంద్రవరంలో జరగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేనిచోట పౌరుని లిఖితపూర్వక అభ్యంతరానికి విలువ మరింత ఎక్కువ. ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వివరాలను ప్రకటించాలని సమాచార హక్కు చట్టం (2005) నాలుగో సెక్షను కూడా చెబుతోంది.

“రుసుము ఎక్కువగా ఉంది” అని మాత్రమే రాస్తే అధికారి పరిశీలించడానికి ఏమీ ఉండదు. ఈ నాలుగు ప్రశ్నలు అడగాలి:

(అ) ఏ చట్టం, ఏ సెక్షను కింద విధిస్తున్నారు?
(ఆ) రేటును ఏ పనుల అంచనా వ్యయంపై లెక్కించారు?
(ఇ) సొమ్ము ఏ ఖాతాలో ఉంటుంది, ఏ ప్రాంతంలో ఖర్చవుతుంది?
(ఈ) చిన్న స్థలాలకూ పెద్ద లేఅవుట్లకూ ఒకే రేటా?

గడువులోగా అందజేసి, రసీదు తీసుకోవాలి.

సారాంశం

అభివృద్ధి రుసుముకు చట్టబద్ధతనిచ్చేవి రెండు: శాసనాధికారం, సేవతో సంబంధం. మొదటిదాన్ని న్యాయస్థానం పరిశీలించగలదు. రెండోదానికి కాలువ గట్టున నివసించేవారి సాక్ష్యం కావాలి. అది ఫైలులోకి చేరే దారే ప్రజాభిప్రాయ సేకరణ.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. పన్నుకూ రుసుముకూ గల భేదాన్ని ఒక ఉదాహరణతో వివరించండి.
2. మీ ఊరి శివారులోని ఒక లేఅవుట్‌ను పరిశీలించి, దానివల్ల ప్రభావితులయ్యే పక్షాలను పేర్కొనండి.