పొగ ఎటు నుంచి వచ్చిందో చెప్పే లేజర్

హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలను ఆనుకొని వేల కుటుంబాలున్నాయి. గాలి ఎంత చెడిందో తెలిస్తే వాళ్లకు సరిపోదు, ఎవరి వల్ల చెడిందో తేలాలి. ఆ పని లైడార్ అనే లేజర్ పరికరం చేయగలదు.

60 మైక్రోగ్రాములు: ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 ధూళి 24 గంటల సగటు ఇంత దాటకూడదని 2009 నాటి జాతీయ ప్రమాణం. నాచారం పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థ (ఐలా) దగ్గరి గాలి నాణ్యత కేంద్రం ఈ ధూళిని నిరంతరం కొలుస్తుంది. కానీ తన దాకా వచ్చిన గాలినే కొలవగలదు. పైనుంచి సాగిపోయే పొగ దాని లెక్కకు అందదు.

6.7 మైక్రోసెకన్లు: కిలోమీటరు దూరం వెళ్లి రావడానికి కాంతికి పట్టే సమయమిది. లైడార్ లేజర్ మెరుపును వదిలి, ధూళికి తగిలి తిరిగొచ్చే కాంతిని టెలిస్కోపుతో పడుతుంది. పట్టిన సమయాన్ని బట్టి దూరం, కాంతి మోతాదును బట్టి ధూళి ఎంత దట్టమో తెలుస్తాయి. మెరుపు నిడివి 100 నానోసెకన్లయితే 15 మీటర్ల తేడా కూడా దొరుకుతుంది. పరికరాన్ని అటూ ఇటూ తిప్పితే పొగ దారి పటంగా వస్తుంది.

1,400 నానోమీటర్లు: ఇళ్ల మధ్య లేజర్ తిప్పాలంటే కళ్లకు హాని ఉండకూడదు. 532 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఆకుపచ్చ కాంతి నేరుగా రెటీనా మీద కేంద్రీకృతమవుతుంది. 1,400 దాటిన కాంతిని కంటి ముందు భాగంలోని నీరే పీల్చేస్తుంది. అందుకే నానోసెకన్ల మెరుపులకు 1,540 దగ్గర అనుమతించే శక్తి, ఆకుపచ్చ కాంతికి అనుమతించే దానికన్నా పది లక్షల రెట్లకు పైనే.

33 నిమిషాలు: గాలి సెకనుకు 2 మీటర్ల చొప్పున వీస్తే పొగ 4 కిలోమీటర్లు దాటేందుకు ఇంతే చాలు. అర్ధరాత్రి వదిలిన పొగకు తెల్లారి వచ్చే అధికారికి ఆనవాలు దొరకదు. లైడార్ చీకట్లోనూ చూస్తుంది.

ఈ పరికరం మనకు కొత్త కాదు. తిరుపతి దగ్గరి గాదంకిలో 1998 నుంచే లైడార్ ఉంది. ఉత్తరాది మైదానాల్లో తగలబెట్టిన పంట కొయ్యకాళ్ల పొగ మన దాకా రావడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) శాస్త్రవేత్తలు లైడార్ సాయంతో పరిశీలించి 2009లో ప్రచురించారు.

పరిమితులూ ఉన్నాయి. వానలో, దట్టమైన మంచులో చూపు తగ్గుతుంది. మామూలు లైడార్ వాయువు పేరు చెప్పదు. అందుకు రెండు తరంగదైర్ఘ్యాల ప్రత్యేక పరికరం కావాలి. అయినా నేల మీది కేంద్రం లెక్కలకు, గాలి దిశకు ఈ పటం తోడైతే తనిఖీ ఏ గేటు దగ్గర మొదలుపెట్టాలో తెలుస్తుంది. వందల కిలోమీటర్ల అవతలి పొగను పట్టిన నగరం, నాచారం పొగను పట్టడానికి వెనకాడకూడదు.