మీకు తెలుసా? జంతు సంక్షేమ మండలి తొలి సారథి ఓ నర్తకి!

పశువులు, జంతువుల బాగోగులపై ప్రభుత్వానికి సలహాలిచ్చే భారత జంతు సంక్షేమ మండలికి 1962లో తొలి అధ్యక్షురాలైంది భరతనాట్య కళాకారిణి, కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరండేల్! అలంకారానికి కట్టబెట్టిన పదవి కాదది. రాజ్యసభకు నామినేటైన ఆమె, జంతుహింస నివారణ కోరుతూ 1953లోనే ప్రైవేటు బిల్లు పెట్టారు. 1960 నాటి చట్టానికి దారి వేసింది అదే.

ఆ చట్టం మండలికి అప్పగించిన పనుల్లో చిన్న చిన్న విషయాలూ ఉన్నాయి. బండి లాగే పశువులపై భారం తగ్గేలా బండి తయారీని ఎలా మార్చాలో చెప్పాలి. పాకలు, నీటి తొట్ల ఏర్పాటును ప్రోత్సహించాలి. కబేళాల్లో జంతువులకు అనవసర బాధ కలగకుండా ఏం చేయాలో సూచించాలి. మొదట చెన్నైలో ఉన్న మండలి ప్రధాన కార్యాలయం 2018లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌కు తరలింది.