అమెరికాలో ఆరోగ్య పొదుపు ఖాతా: మన సభ్యుల కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు

గత నెల గుంటూరు జిల్లాలో ఒక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం తనిఖీకి వెళ్ళాము. రిజిస్టర్లు చూడడం ముగిశాక ఒక వృద్ధ సభ్యుడు మమ్మల్ని పక్కకు పిలిచారు. ఆయనకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆపరేషను చేయించుకోమని డాక్టరు చెప్పి ఏడాదయింది. కుమారుడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగి. "మావాడికి వైద్యం కోసమే ఒక ఖాతా ఉందటండీ. అందులో ముప్ఫై వేల డాలర్లు ఉన్నాయట. నా మోకాళ్ళకు తీయరా అంటే అవి తీయకూడదు నాన్నా అంటాడు. వైద్యం డబ్బు వైద్యానికి కాకపోతే మరి దేనికండీ ఇన్‌స్పెక్టరు గారూ?" అని అడిగారు. తండ్రీకొడుకులు సరిగా మాట్లాడుకుని రెండు నెలలైందని కార్యదర్శి తర్వాత చెప్పారు.

పిల్లలు అమెరికాలో ఉన్న సభ్యులు ఇప్పుడు చాలా సంఘాలలో ఉన్నారు గనుక ఈ ఖాతా సంగతి వివరంగా వ్రాస్తున్నాము. మేము చదివినది సహకార డిప్లొమా. అయితే లెక్క ఏ దేశంలోనైనా లెక్కే.

2003లో చేసిన చట్టం ప్రకారం 2004 జనవరి నుండి ఆ దేశంలో హెల్త్ సేవింగ్స్ అకౌంటు అనేది అమలులోకి వచ్చింది. ఇది అందరికీ ఇవ్వరు. హెచ్చు డిడక్టిబుల్ గల ఆరోగ్య బీమా ఉన్నవారికే ఇస్తారు. డిడక్టిబుల్ అంటే బీమా కంపెనీ చెయ్యి వేయకముందు రోగి సొంతంగా పెట్టుకోవలసిన మొత్తం. 2026 సంవత్సరానికి అది ఒంటరి వ్యక్తికి కనీసం 1,700 డాలర్లు, కుటుంబానికి 3,400 డాలర్లు ఉండాలి. అలాంటి బీమా ఉన్నవారు ఆ ఏడాది ఖాతాలో ఒంటరిగా అయితే 4,400, కుటుంబంతో అయితే 8,750 డాలర్ల వరకు వేసుకోవచ్చు. 55 ఏళ్ళు నిండినవారికి మరో వెయ్యి అనుమతి ఉంది. యజమాని వేసే సొమ్ము కూడా ఈ పరిమితిలోనిదే. వీసా మీద పనిచేసే మన పిల్లలకూ ఈ అర్హత ఉంది.

ఖాతాలో వేసే సొమ్ముపై ఆదాయపు పన్ను లేదు. జీతంలోనే కోయించుకుంటే సోషల్ సెక్యూరిటీ కోత కూడా ఆ మొత్తంపై పడదు. లోపల పెరిగిన దానిపై పన్ను లేదు. వైద్యానికి తీసినప్పుడూ పన్ను లేదు. మనకు తెలిసిన పొదుపులలో ఇన్ని వైపులా పన్ను తప్పేవి తక్కువ. ఏడాది చివర మిగిలిన సొమ్ము మురిగిపోదు. ఉద్యోగం మారినా ఖాతా మనిషి వెంటే వస్తుంది. అయితే కాలిఫోర్నియా, న్యూజెర్సీ రాష్ట్రాలు తమ రాష్ట్ర పన్నులో ఈ మినహాయింపును ఒప్పుకోవు. మనవారు ఎక్కువగా ఉండే చోట్లు గనుక అక్కడివారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఖాతా తెరుస్తారు, సొమ్ము వేస్తారు, పంటి నొప్పికీ కళ్ళజోడుకూ అందులోంచే తీస్తారు. మిగిలినది నామమాత్రపు వడ్డీకి పడి ఉంటుంది. పెయ్యదూడను సంతలో అమ్ముకున్నట్టే ఇది. ఆ నాటికి చేతికి నాలుగు డబ్బులు వస్తాయి, నాలుగేళ్ళ తర్వాత పాడి ఉండదు. ఏటా 4,000 డాలర్ల చొప్పున ముప్ఫై ఏళ్ళు వేస్తే వేసినది 1,20,000. ఒక శాతం వడ్డీతో అది సుమారు 1,39,000 అవుతుంది. అదే సొమ్ము షేర్లు, బాండ్ల నిధులలో ఏడాదికి ఆరు శాతం చొప్పున పెరిగితే సుమారు 3,16,000 అవుతుంది. ఆరు శాతానికి ఎవరూ పూచీ పడరు, తగ్గే ఏళ్ళూ ఉంటాయి. అందుకే ఆ ఏటి డిడక్టిబుల్‌కు సరిపడా నగదు ఉంచుకుని, పైది మాత్రమే మదుపులో పెట్టడం మేలు. సొమ్ము దానంతట అది మదుపులోకి పోదు. ఖాతాదారు పూనుకుని నిధి ఎంచుకోవాలి. రుసుములెంతో కూడా చూసుకోవాలి.

మాకు బాగా నచ్చిన అంశం రశీదులది. ఖాతా తెరిచిన తర్వాత అయిన వైద్య ఖర్చును జేబులోంచి చెల్లించి, ఆ సొమ్మును ఖాతా నుండి ఎన్నేళ్ళకైనా తిరిగి తీసుకోవచ్చు. గడువు లేదు. ఈ ఏడాది 2,000 డాలర్ల బిల్లు జీతంలోంచి కట్టి, రశీదు భద్రపరిచి, 2046లో ఆ 2,000 పన్ను లేకుండా తీయవచ్చు. తీయకుండా ఉంచిన ఆ 2,000 ఆరు శాతం లెక్కన ఈలోగా 6,400 దాటుతుంది. షరతు ఒక్కటే, రశీదు ఉండాలి. ఇరవై ఏళ్ళ నాటి ఓచరు చూపించమంటే తలలు పట్టుకునే సంఘాలను మేము ఎన్నో చూశాము. కాగితపు సిరా వెలిసిపోతుంది గనుక ఫోటో తీసి రెండు చోట్ల దాచమని మీ పిల్లలకు చెప్పండి.

జీతం చాలక బిల్లు కట్టలేని ఇంటికి ఈ పద్ధతి పనికిరాదు. వారు ఖాతాలోంచే తీసి వైద్యం చేయించుకోవాలి. ఖాతా పెంచడానికి జబ్బును పెంచుకోవడం తెలివి కాదు. నిత్యం మందులు వాడే మనిషి ఇంట్లో ఉంటే హెచ్చు డిడక్టిబుల్ బీమా అసలు గిట్టుబాటు అవుతుందో లేదో ముందుగా లెక్క వేసుకోవాలి.

65 ఏళ్ళు నిండాక ఏ అవసరానికైనా తీసుకోవచ్చు. వైద్యానికి కాకపోతే మామూలు ఆదాయపు పన్ను కట్టాలి, జరిమానా ఉండదు. అందువల్ల ఇది పింఛను సొమ్ములా కూడా ఉపయోగపడుతుంది. అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్‌లో చేరిన తర్వాత మాత్రం కొత్తగా వేయకూడదు. మెడికేర్ సాధారణంగా అమెరికా వెలుపలి వైద్యానికి చెల్లించదు. ఈ ఖాతా అలా కాదు. స్వదేశానికి తిరిగి వచ్చినవారు తమకు, తమ భార్యకు లేక భర్తకు ఇక్కడి ఆసుపత్రిలో చేయించుకునే వైద్యానికీ ఖాతాలోంచి తీయవచ్చు.

ఇక ఆ పెద్దాయన ప్రశ్న. పన్ను లేకుండా తీయడానికి వీలున్నది ఖాతాదారుకు, జీవిత భాగస్వామికి, చట్టం ఒప్పుకున్న ఆశ్రితులకు మాత్రమే. అమెరికా పౌరులు కాకుండా మన దేశంలో నివసించే తల్లిదండ్రులు ఆ చట్టం ప్రకారం ఆశ్రితులు కారు, నెలనెలా కొడుకే పోషిస్తున్నా సరే. అయినా తీస్తే, 65 నిండనివారికి మామూలు పన్నుతో పాటు 20 శాతం జరిమానా పడుతుంది. 22 శాతం పన్ను కట్టే కుర్రవాడు 10,000 తీస్తే 4,200 అక్కడే పోయి 5,800 చేతికి వస్తాయి. ఈ లెక్క సంఘం బల్ల మీద పాల బిల్లు వెనుక వేసి చూపించాము. ఆయన చాలాసేపు ఆ కాగితం చూసి, "అయితే వాడు లోభపడి అనలేదన్నమాట" అన్నారు.

ఆ రాత్రి ఫోనులో మాట్లాడుకున్నారట. ఆపరేషనుకు కొడుకు తన జీతంలోంచి నాలుగు నెలల్లో పంపుతానన్నాడు. నామినీ ఎవరో కూడా అడగమని మేము చెప్పి ఉన్నాము. ఖాతాదారు పోతే భార్యకు ఆ ఖాతా ఖాతాగానే దక్కుతుంది. మరెవరి పేరున్నా ఖాతా అంతటితో ముగిసి, అందులోని సొమ్ము ఆ ఏటి ఆదాయంగా పన్నుకు వస్తుంది. ఆ కుర్రవాడు పెళ్ళికి ముందు వ్రాసిన తండ్రి పేరే ఇంకా ఉందట. మరునాడే భార్య పేరుకు మార్పించాడని, మార్చమన్నది తానేనని పెద్దాయన మాకు కబురు చేశారు.