అడవిలో పడ్డ విమానం "నేనిక్కడున్నా" అని ఎలా చెప్తుంది?

ఇవాళ్టి ఎపిసోడ్ కొంచెం వేరేగా ఉంటుంది. ఫోన్ రివ్యూ లేదు, యాప్ ట్రిక్ లేదు. చిన్న విమానం గురించి. అది కూడా ఇంట్లో, షెడ్డులో, సొంత చేతులతో కట్టుకున్న విమానం.

ముందు ఒక రోజు గుర్తు చేస్తాను. 2009 సెప్టెంబర్ 2. నేనప్పుడు స్కూల్ పిల్లాణ్ణి. ఖమ్మంలో మా ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా టీవీ కట్టెయ్యలేదు. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ఎక్కిన బెల్ 430 హెలికాప్టర్ బేగంపేట నుంచి పొద్దున బయల్దేరి చిత్తూరు జిల్లాకు వెళ్తూ నల్లమల మీద సంబంధం తెగిపోయింది. ఐదుగురున్నారు అందులో. హెలికాప్టర్లు, సుఖోయ్ విమానాలు, ఇస్రో ఉపగ్రహం, పోలీసులు, అడవి దారులు తెలిసిన ఊళ్ళవాళ్ళు... అందరూ వెతికారు. మరుసటి రోజు పొద్దునకు గానీ కొండ మీద శకలాలు కనపడలేదు. ఒక రాష్ట్ర ముఖ్యమంత్రిని వెతకడానికే దాదాపు ఒక రోజు పట్టింది.

మా వైపు అడవి కూడా అలాంటిదే. పాల్వంచ దాటి కిన్నెరసాని వైపు పోండి, లేదా భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల రోడ్డు పట్టుకోండి. ఫోన్‌లో టవర్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. టేకు ఆకు మందంగా ఉన్న వానాకాలంలో పైనుంచి చూస్తే కింద లారీ ఉన్నా కనపడదు. అక్కడ ఒక ఇద్దరు కూర్చునే విమానం దిగబడితే ఎట్లా? ఈ ప్రశ్న నా బుర్రలో ఎందుకు తిరిగిందంటే, మా బీటెక్ సీనియర్ అన్న ఒకాయన డాలస్‌లో ఉంటాడు. ఆయన సెకండ్ హ్యాండ్‌లో ఒక లాంగ్-ఈజీ కొన్నాడు. "తమ్మీ, కారు కంటే తక్కువకే వచ్చింది" అన్నాడు. తర్వాత దానికి ట్రాకింగ్ సామాను బిగించడానికి పట్టిన తిప్పలు చూస్తే, ఆ "తక్కువ" అనే మాట మళ్ళీ ఆయన నోట రాలేదు.

లాంగ్-ఈజీ అంటే బర్ట్ రుటాన్ డిజైన్ చేసిన విమానం. ఫోమ్ దిమ్మల మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ, రెసిన్ పూసి కడతారు. ఇంజన్ వెనకాల, చిన్న రెక్క ముందర. ఇలా సొంతంగా కట్టుకున్నవి అమెరికాలో వేలల్లో ఎగురుతున్నాయి. మన దేశంలో చాలా అరుదు. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ మేడ మీద విమానం కట్టి, ఏళ్ళ తరబడి తిరిగి, 2017లో డీజీసీఏ రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నాడు. ఆయన ఓపికకు దండం పెట్టాలి.

సరే, విషయంలోకి వద్దాం. విమానంలో "నేనిక్కడున్నా" అని చెప్పేవి రెండు వేరు వేరు పెట్టెలు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

ఒకటి ట్రాన్స్‌పాండర్, దానితోపాటు ఏడీఎస్-బీ. ఇది ఎగురుతున్నంత సేపూ పని చేస్తుంది. జీపీఎస్ నుంచి తన స్థానం తీసుకుని, 1090 మెగాహెర్ట్జ్ మీద సెకనుకు సుమారు రెండుసార్లు కేకేస్తుంది: ఇదీ నా నంబర్, ఇదీ నా చోటు, ఇంత ఎత్తులో ఉన్నా. ఫ్లైట్‌రాడార్24 యాప్‌లో మీరు చూసే పసుపు విమానం బొమ్మల్లో చాలా వరకు ఈ కేకలే. అమెరికాలో 2020 జనవరి 1 నుంచి పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ ఎగరాలంటే ఇది తప్పనిసరి. డాలస్ అలాంటి చోటే. అందుకే అన్నకు వేరే దారి లేదు.

రెండోది ఈఎల్‌టీ. ఇది మామూలుగా నిద్రపోతుంది. గట్టిగా గుద్దుకున్నప్పుడు లోపలున్న స్విచ్ దాన్ని లేపుతుంది. అప్పుడు 406 మెగాహెర్ట్జ్ మీద 50 సెకన్లకోసారి అర సెకను పాటు ఉపగ్రహాలకు సందేశం పంపుతుంది. కోస్పాస్-సార్సాట్ అనే అంతర్జాతీయ వ్యవస్థ దాన్ని అందుకుంటుంది. మన దేశంలో ఆ కబురు చేరేది బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి. వెతికేవాళ్ళు దగ్గరికి వచ్చాక పట్టుకోవడానికి 121.5 మెగాహెర్ట్జ్ మీద ఇంకో సన్నటి కూత ఉంటుంది. పాత ఈఎల్‌టీలు 406 లేకుండా ఈ 121.5 మీద పంపేవి. ఉపగ్రహాలు దాన్ని వినడం 2009 ఫిబ్రవరి 1న మానేశాయి. అంటే ఇప్పటికీ పాత పెట్టె మోసుకు తిరిగేవాడి కేక పైన ఉపగ్రహాలకు వినపడదు. అన్న కొన్న విమానంలో ఉన్నది సరిగ్గా అదే.

ఇప్పుడు అసలు గొడవ, యాంటెన్నా. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే డబ్బు పెట్టెకు పెడతారు, ప్రాణం మాత్రం యాంటెన్నాలో ఉంటుంది.

1090 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 27.5 సెంటీమీటర్లు. అందులో పావు వంతు, అంటే 7 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, ఒక చిన్న పుల్ల చాలు. మీ చూపుడు వేలంత. కానీ ఆ పుల్ల ఒక్కటే సగం యాంటెన్నా. మిగతా సగం దాని కింద పరచిన లోహపు రేకు. దాన్నే గ్రౌండ్ ప్లేన్ అంటారు. అద్దం ముందు నిలబడితే మీ బొమ్మ ఎట్లా కనపడుతుందో, ఆ రేకులో పుల్లకు అట్లా ఒక నీడ పుల్ల తయారవుతుంది. అల్యూమినియం విమానానికి ఒళ్ళంతా రేకే, బాధ లేదు. ఫైబర్‌గ్లాస్ విమానంలో ఆ రేకు మనమే పెట్టాలి.

దీన్ని నేను మా డాబా మీద చేసి చూశాను. ఒక ఎస్‌డీఆర్ డాంగిల్ కొని, రాగి తీగ ముక్క కొలిచి కోసి, మెట్ల గది లోపల పెట్టాను. నాలుగైదు విమానాలు కనపడ్డాయి, అవీ వస్తూ పోతూ. తర్వాత అదే తీగను బయటికి తెచ్చి పాత బిస్కెట్ డబ్బా మూత మధ్యలో నిలబెట్టాను. వైజాగ్-హైదరాబాద్ ఫ్లైట్లు మొదలుకొని ముప్పై దాకా వచ్చాయి. తీగ అదే, డాంగిల్ అదే. మారింది చోటు, మూత. (ఇది వినడం మాత్రమే. ఈ ఫ్రీక్వెన్సీల మీద సిగ్నల్ పంపే ప్రయోగాలు మాత్రం ఎవరూ చెయ్యకండి. విమానాల ప్రాణాలతో ఆట అది.)

ఫైబర్‌గ్లాస్‌లో ఒక సుఖం ఉంది. రేడియో తరంగం దానిగుండా గాజులోంచి వెలుతురు పోయినట్టు పోతుంది. అందుకే యాంటెన్నాను లోపలే దాచేయొచ్చు. కార్బన్ ఫైబర్ అయితే అది కుదరదు, అది తరంగాన్ని అడ్డుకుంటుంది. అన్న ఈ సుఖం చూసి ట్రాన్స్‌పాండర్ యాంటెన్నాను వెనక సీటు వెనకాల రాగి రేకు మీద బిగించాడు. ఒక్కడే ఎగిరినప్పుడు బాగానే ఉంది. వదినను ఎక్కించుకుని వెళ్ళిన రోజు మాత్రం సిగ్నల్ మాటిమాటికీ తెగిపోయింది. ఎందుకో చెప్పండి? మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళు. ఆ ఫ్రీక్వెన్సీని నీళ్ళు మింగేస్తాయి. ముందు వైపు పోవాల్సిన కేక వదిన దగ్గరే ఆగిపోయింది. వెనక వైపు ఇంజన్ ముద్ద ఎలాగూ అడ్డమే. పైగా ట్రాన్స్‌పాండర్ పంపే పల్స్ క్షణకాలమే అయినా వందల వాట్లు ఉంటుంది. దాన్ని మనిషి వీపు పక్కన పెట్టడం పద్ధతి కాదు. "నీకు నేనే దొరికానా షీల్డింగ్‌కి" అని వదిన ఇప్పటికీ ఆడుకుంటుంది.

చివరికి దాన్ని పొట్ట కిందకి మార్చాడు. లోపల గుండ్రటి అల్యూమినియం రేకు, పుల్ల బయటికి. అక్కడా ఒక చిక్కుంది. లాంగ్-ఈజీని ఆపినప్పుడు ముందు చక్రం మడిచి ముక్కు నేలకు ఆనించి పెడతారు. ముక్కు కింద యాంటెన్నా పెడితే మొదటి రోజే విరుగుతుంది. కాబట్టి కొలిచి, కాస్త వెనక్కి జరిపాడు. కేబుల్ కూడా మార్చాడు. సన్నటి చౌక కేబుల్ ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర దారిలోనే సిగ్నల్‌ని తినేస్తుంది. 3 డెసిబెల్స్ పోయిందంటే సగం పవర్ పోయినట్టే. అందుకే ఆర్‌జీ-400 వేశాడు, అది కూడా ఎంత పొట్టిగా వీలైతే అంత.

ఎగిరొచ్చాక అమెరికాలో ఎఫ్‌ఏఏ వెబ్‌సైట్‌లో అడిగితే మీ ఏడీఎస్-బీ ఎట్లా పని చేసిందో రిపోర్టు ఫ్రీగా పంపుతారు. తప్పులు ఎర్ర రంగులో వస్తాయి. అన్నకు మొదటిసారి ఎర్రగా వచ్చింది. కారణం జీపీఎస్. స్థానం చెప్తే సరిపోదు, "ఈ స్థానాన్ని ఎంతవరకు నమ్మొచ్చు" అన్నది కూడా జీపీఎస్ చెప్పాలి. డ్రోన్లలో వాడే చౌక మాడ్యూల్ ఆ హామీ ఇవ్వదు. ఇంకో పొరపాటు కూడా చాలామంది చేస్తారు. ప్రతి విమానానికి 24 బిట్ల సొంత నంబర్ ఉంటుంది, మన ఫోన్ ఐఎంఈఐ లాగా. భారత విమానాల నంబర్లు 80, 81, 82, 83తో మొదలవుతాయి. పాత ట్రాన్స్‌పాండర్ కొని ఆ నంబర్ మార్చకపోతే, మీరు ఎగురుతుంటే తెర మీద వేరేవాళ్ళ విమానం ఎగురుతుంది.

సరే, ఇంత చేశాక ఇదే విమానం మన భద్రాచలం అడవి మీద వెయ్యి అడుగుల ఎత్తులో పోతోంది అనుకోండి. హైదరాబాద్‌లో ఉన్న రిసీవర్‌కి వినపడుతుందా? వినపడదు. ఈ తరంగాలు నేరుగా పోతాయి, భూమి వంపు అడ్డం వస్తుంది. 35,000 అడుగుల్లో ఉన్న విమానం నాలుగు వందల కిలోమీటర్ల దూరం దాకా కనపడుతుంది. వెయ్యి అడుగుల్లో అయితే సుమారు 70 కిలోమీటర్లే, కొండలుంటే అదీ లేదు. అంటే తక్కువ ఎత్తులో కొండల మధ్య, ప్రమాదం ఎక్కువున్న చోటే, కింది రిసీవర్లకు ఇది మూగబోతుంది. ఏడీఎస్-బీని వినే ఇరిడియం ఉపగ్రహాలు 66 ఉన్నాయి. కానీ పొట్ట కింద పెట్టిన పుల్ల ఆకాశం వైపు సరిగా మాట్లాడలేదు. దానికి వీపు మీద ఇంకో యాంటెన్నా కావాలి.

అందుకే ఈఎల్‌టీ వదలకూడదు. దీన్ని బిగించడంలోనే అసలు పనితనం ఉంది. 2015లో నాసా వాళ్ళు మూడు పాత సెస్నా 172 విమానాలను కావాలనే కింద పడేసి ఈఎల్‌టీలు ఎట్లా తట్టుకుంటాయో చూశారు. పెట్టె బతికినా కేబుల్ తెగితే, యాంటెన్నా విరిగితే కేక బయటికి రాదు. అన్న ఏం చేశాడంటే, పెట్టెను పల్చటి చర్మం మీద కాకుండా గట్టి దన్ను మీద, బాణం గుర్తు ముక్కు వైపు ఉండేలా బిగించాడు. యాంటెన్నాను పెట్టెకు దగ్గర్లోనే, విమానం ముక్కలైనా రెండూ ఒకే ముక్కలో ఉండేట్టు పెట్టాడు. కేబుల్‌కి కొంచెం వదులు ఇచ్చాడు, లాగితే పుటుక్కున తెగకుండా. గ్రౌండ్ ప్లేన్ కోసం రాగి టేపు పట్టీలు నాలుగు వైపులా అతికించాడు. 406కి పావు తరంగం 18 సెంటీమీటర్లే, 121.5కి మాత్రం 60 దాటుతుంది, అందుకే పట్టీలు పొడుగ్గా.

టెస్ట్ కూడా ఇష్టమొచ్చినప్పుడు చెయ్యకూడదు. అక్కడ ప్రతి గంటలో మొదటి ఐదు నిమిషాల్లోనే, క్షణాల పాటు. లేకపోతే నిజంగా ఎవరో పడ్డారని మనుషులు బయల్దేరతారు.

ఇంకోటి, రిజిస్ట్రేషన్. ఈఎల్‌టీకి సొంత కోడ్ ఉంటుంది, దాని పక్కన ఓనర్ ఫోన్ నంబర్ రాయించాలి. ఉపగ్రహం నుంచి సిగ్నల్ రాగానే వాళ్ళు ముందు చేసే పని ఆ నంబర్‌కి ఫోన్ కొట్టడం. అన్న ఆ పెట్టె కూడా సెకండ్ హ్యాండ్‌లోనే కొన్నాడు. నేను వీడియో కాల్‌లో ఊరికే అడిగాను, "అన్నా, ఫోన్ నంబర్ మార్పించావా?" అని. అన్ని యాంటెన్నాలు, అన్ని కొలతలు సరిచూసిన మనిషి ఒక్క నిమిషం గమ్మున ఉండిపోయాడు. అప్పటిదాకా అందులో ఉన్నది పాత ఓనర్ నంబర్. ఆ రాత్రే మార్పించి, రెండో నంబర్‌గా వదినది రాయించాడు.