‘మంచిగనే ఉన్న మమ్మీ’

జులై వచ్చిందంటే అమీన్‌పూర్, బీరంగూడ కాలనీల్లో అమెరికా చదువులకు వెళ్లే పిల్లల సూట్‌కేసుల తూకాలు మొదలవుతాయి. పెట్టె 23 కిలోలు దాటకూడదు. ఆవకాయ సీసాకు కవరు మీద కవరు చుట్టి, టేపు వేసి, కుక్కర్ లోపల కూర్చోబెడుతుంది తల్లి. తూకం ఎక్కువైతే జీన్స్ ప్యాంట్లు బయటికొస్తాయి, పచ్చడి మాత్రం కదలదు.

బీహెచ్‌ఈఎల్‌లోనో, పటాన్‌చెరు మందుల కంపెనీల్లోనో షిఫ్టులు చేసి తండ్రి కొన్న ప్లాటు బ్యాంకు తాకట్టులోకి పోతే, ఆ లోనుతో విమానం ఎక్కే పిల్లలు ఈ చుట్టుపక్కల ఎందరో. 2023-24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటేశాం.

దిగగానే వీళ్లను కంగారుపెట్టేది చలి అనుకుంటాం. నిజానికి క్లాసు. మొదటి రోజే సిలబస్ చేతికిస్తారు. ఏ వారం ఏ అసైన్‌మెంట్, దానికెన్ని మార్కులు, ఏ రాత్రి 11:59 లోపు పంపాలి, అన్నీ అందులోనే ఉంటాయి. ఆ తర్వాత ఎవరూ గుర్తుచేయరు. ‘సార్’ అనబోతే పేరుపెట్టి పిలవమనే ప్రొఫెసర్లున్నారు. పాఠం మధ్యలో ఆపి ‘నువ్వేమంటావు?’ అని అడుగుతారు. ఇంటర్‌లో స్టడీ అవర్లలో బిట్లు బట్టీపట్టిన పిల్లలను ఆ మాట అంతవరకూ ఎవరడిగారు?

అసలు ప్రమాదం ఇంకోటుంది. సీనియర్ రికార్డు చూసి దించడం మన ఇంజినీరింగ్ కాలేజీల్లో మామూలు సంగతి. అక్కడ అదే పని చేస్తే విచారణ, సబ్జెక్టులో సున్నా, ఒక్కోసారి కాలేజీ నుంచే పంపేయడం. కాలేజీ పోతే వీసా కూడా పోయినట్టే. అప్లికేషన్లు నింపిపెట్టే ప్రతి కన్సల్టెన్సీ ఈ సంగతి కూర్చోబెట్టి చెప్పాలి.

ఇక డబ్బు. కాఫీ ధర చూసినా మనసు దాన్ని రూపాయల్లోకి మార్చేస్తుంది. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయొచ్చు. బయట పెట్రోల్ బంకులో అనుమతి లేకుండా చేస్తే వీసాకే ముప్పు. అడ్డదారుల ఖరీదు మనకు తెలియనిది కాదు. 2019 జనవరిలో, మిచిగాన్‌లో అధికారులే వలపన్ని నడిపిన ఫార్మింగ్టన్ నకిలీ యూనివర్సిటీ కేసులో 129 మంది భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు. అందులో మన తెలుగు పిల్లలు చాలామంది.

కష్టపడటం మనవాళ్లకు కొత్త కాదు. 1920ల మొదట్లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో చదువుతూ ఆసుపత్రిలో రాత్రిపూట కూలి పని చేశారు. మామగారి సాయం ఉన్నా చాలలేదు. అక్కడే ఆయన శాస్త్రవేత్త అయ్యారు. అయితే వాట్సాప్‌లో ‘జాబ్ దొరికిందా?’ అని రోజూ అడిగేవాళ్లు ఆయనకు లేరు.

డాలస్‌లో చలికాలం ఉదయం 8:30 అయితే అమీన్‌పూర్‌లో రాత్రి 8. అన్నం తినే వేళ ఫోన్ మోగుతుంది. ‘మంచిగనే ఉన్న మమ్మీ’ అంటాడు కొడుకు. జ్వరమొచ్చినా అదే మాట, క్విజ్‌లో మార్కులు పోయినా అదే మాట. మనం బాధపడతామని దాస్తున్నాడు.

అందుకే తల్లిదండ్రులకు ఒక మనవి. మొదటి సెమిస్టర్ గడిచేదాకా పార్ట్‌టైమ్ గురించి, పక్కింటి అబ్బాయి ప్యాకేజీ గురించి ఎత్తకండి. ఏ సబ్జెక్టు కష్టంగా ఉందో అడగండి, వండుకుంటున్నాడో లేదో కనుక్కోండి. లోను సంగతి మీరు గుర్తుచేయక్కర్లేదు, అది వాడికి ఎప్పుడూ గుర్తే ఉంటుంది.