మీకు తెలుసా? లీకును చాటి చెప్పు రంధ్రము

అంబాసిడరు వంటి పాత కార్ల ఇంజనునకు నీటిని త్రిప్పు పంపు అడుగున కానవచ్చు చిన్న రంధ్రము, పలువురు తలంచునట్లు లోపము గాదు. లోని సీలు అరిగినప్పుడు నీరు బేరింగులోనికి జొరబడక వెలికి జారి, యజమానిని ముందుగనే హెచ్చరించునట్లు నిర్మాతలు బుద్ధిపూర్వకముగా విడిచిన ద్వారమది. దానిని ఎం-సీలుతో పూడ్చువారును కలరు. రోగిని విడిచి వాని నోరు మూయుట యన్న నిదియే!

వేడి యింజనుపై బడిన నీరు క్షణములో నావిరియగుటచే నేలపై చుక్కయైనను కానరాకపోవచ్చును. అయినను బద్వేలు వంటి మెట్టసీమలలో, లవణములు మెండైన బోరునీటిని పోసిన బండికి, ఆ నీరారినచోట నిలుచు తెల్లని చారయే లీకు జాడను పట్టి యిచ్చును. చార గొట్టపు కొసయందున్నచో క్లిప్పు బిగించినను, గొట్టము మార్చినను చాలును. పంపు రంధ్రము క్రిందనున్నచో పంపును విప్పక తప్పదు.

లీకై తగ్గిన నీటిని మరల నింపునప్పుడును జాగ్రత్త వలయును. చదరపు అంగుళమునకు 7 పౌండ్ల ఒత్తిడిని నిలుపు మూత గల రేడియేటరులో నీరు 100 గాక సుమారు 111 డిగ్రీల సెల్సియసు వద్ద మరగును. అంత వేడిలో మూత తీసిన తత్క్షణమే నీరు పైకి చిమ్మును. కావున ఇంజను చల్లారునంతవరకు మూతపై చేయి వేయకుడు.